ఊబి గట్టున వీడ్కోలు

సువర్చలకు ఒళ్లు మండిపోతోంది. మండదా మరి? గురువుగారిని పట్టుకుని పదిమందిలో వెక్కిరిస్తే ఏ శిష్యురాలు ఊరుకుంటుంది?

ఆ గురువుగారు కనకారావు మాస్టారు. బొబ్బిలి బడిలో పిల్లలకు ఆటలు నేర్పి రిటైరైన మనిషి. ఆ తర్వాత ఊరికే కూర్చోలేక 'ఏడు కోటలు' అనే ఆన్‌లైన్ ఆటలో దూరాడు. గెలుపు మీద ఆయనకు పెద్ద యావ లేదు. మొదటి గుమ్మం దాటగానే ఒక ఊబి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు దారి తెలీక అందులో దిగబడతారు. వాళ్లకు చెయ్యిచ్చి లాగడం, దారి చెప్పి పంపడం, ఏళ్ల తరబడి అదే ఆయన పని. విశాఖలో మందుల షాపు నడిపే సువర్చల కూడా ఒకప్పుడు అలా బయటపడ్డదే. ఇప్పుడు ఆ ఆటలో ఆమె కత్తికి ఎదురు లేదు.

ఈమధ్య మాస్టారికి చేతులు వణుకుతున్నాయి. మౌసు నిలవడం లేదు. ఆదివారంతో ఆట మానేస్తున్నానని ఆయనే చెప్పాడు. ఆ మాట చెవిన పడగానే డేగల దండు అనే ఎదుటి జట్టువాళ్లు నోరు పారేసుకున్నారు. ముసలాయన వణుకుడు చూడ్డానికి టికెట్టు పెట్టాలన్నారు.

సువర్చల పంతం పట్టింది. వీడ్కోలంటే పూలదండలూ పొగడ్తలూ కాదు, డేగల కోట తగలబెట్టి ఆ మంట మాస్టారికి చూపిస్తానంది. జట్టంతా సై అంది. మాస్టారికి చెబితే ఆయన అవుననలేదు, కాదనలేదు. వస్తానన్నాడు, అంతే.

ఆదివారం సాయంత్రం జట్టు మొత్తం కత్తులతో, కాగడాలతో డేగల కోట ముందు బారులు తీరింది. మాస్టారి జాడ లేదు. వెతుక్కుంటూ వెళితే ఎక్కడున్నాడనుకున్నారు? ఊబిలో!

ఎవరో కొత్త ఆటగాడు నడుం లోతున దిగబడ్డాడు. భుజాన డేగ గుర్తు ఉంది. ఎదుటి జట్టువాడే. కొత్తవాడు మునిగితే ఆటలోంచి వాడి పేరే చెరిగిపోతుంది. పాతవాడు మునిగితే గుమ్మం దగ్గర మళ్లీ లేస్తాడు. మాస్టారు చెయ్యి చాస్తున్నాడు, చెయ్యి వణికి పట్టు తప్పుతోంది, తనే మునిగిపోతున్నాడు. గుమ్మం దగ్గర లేచి, నడిచొచ్చి, మళ్లీ దిగుతున్నాడు.

డేగలు కోట దిగొచ్చి గట్టు మీద నిలబడి పగలబడి నవ్వుతున్నారు. మునిగేది తమవాడే అన్న ధ్యాస కూడా లేదు. ఉన్నా దిగరు. ఆ ఊబిలో దిగాలంటే ఆయుధాలన్నీ పారెయ్యాలి, పారేసిన ఆయుధం మరి దొరకదు.

సువర్చలకు తల కొట్టేసినట్టయింది.

"వచ్చెయ్యండి మాస్టారూ. అందరూ నవ్వుతున్నారు. మీరు ఊ అనండి చాలు, ఆ కోట బూడిద చేస్తాం."

హెడ్‌ఫోన్లో మాస్టారి గొంతు తాపీగా పలికింది.

"నవ్వనీ అమ్మా. వాళ్లలో సగంమందిని ఇక్కణ్ణించి లాగింది నేనే. గట్టెక్కినవాళ్లకు నవ్వొస్తుంది. వీడింకా ఎక్కలేదు."

అంటూనే మళ్లీ పట్టు తప్పి మునిగాడు. కొత్తవాడు గుండెల దాకా దిగిపోయాడు.

సువర్చలకు ఏడుపొచ్చింది. కోపం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. ఆ కోపంతోనే, రాత్రింబవళ్లు ఆడి సంపాదించుకున్న కత్తిని గట్టు మీద విసిరేసి ఊబిలోకి దిగింది. మాస్టారు గుమ్మం దగ్గర లేచి నడిచొచ్చి, ఆమె పక్కనే దిగాడు.

పైనుంచి డేగల నాయకుడు మృత్యుంజయ్ కేకేశాడు. యుద్ధమన్నారు, ఏమైంది, గుండె జారిందా అని అడిగాడు.

సువర్చల తలెత్తి చూడలేదు. కొత్తవాడి చెయ్యి దొరకబుచ్చుకుని బిగించి పట్టుకుంది.

"ఇప్పుడు ఖాళీ లేదు" అంది. "ఇక్కడ మనిషి మునిగిపోతున్నాడు."