పాలరాయి, నిమ్మతొక్కల నీళ్ళు

నరసాపురంలో చర్చి వెనక వీధిలో సలోమి అనే ఆవిడ ఉండేది. మనసు మంచిదే కానీ, ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వినే ఓపిక ఆమెకు ఉండేది కాదు. ఎవరైనా సగం చెప్పేసరికి మిగతా సగం తెలిసిపోయిందనుకుని పనిలోకి దిగిపోయేది. దానివల్ల అప్పటిదాకా పెద్ద నష్టమేమీ జరగలేదు. ఒకసారి పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. ఇంకోసారి వేరే ఊరి బస్సెక్కింది. అంతే.

పక్కింటి మస్తాన్‌బీ నిమ్మతొక్కలతో ఇల్లు కడిగే నీళ్ళు తయారు చేసేది. అదెలా చేస్తారని సలోమి అడిగితే సంతోషంగా నేర్పింది. ఒక గ్లాసు బెల్లం తరుగు, మూడు గ్లాసుల నిమ్మతొక్కలు, పది గ్లాసుల నీళ్ళు ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత పెట్టాలి. మొదటి నెలంతా రోజూ ఒకసారి మూత వదులు చేసి గాలి పోనివ్వాలి. మూడు నెలలయ్యాక వడకట్టుకుంటే ఏడాదిపాటు వాడుకోవచ్చు.

"గచ్చుకైతే బాగా నీళ్ళు కలుపుకో. ఇది పులుపు సలోమీ, అందుకని రాళ్ళలో..." అని మస్తాన్‌బీ ఇంకా ఏదో చెప్పబోయింది.

"అర్థమైంది అక్కా" అంటూనే సలోమి తొక్కల కోసం నిమ్మసోడా బండి దగ్గరికి వెళ్ళిపోయింది.

మూడు నెలల తరువాత ఆ నీళ్ళు చక్కగా కుదిరాయి. స్నానాలగదిలో ఉప్పునీటి మరకలు వదిలాయి. వంటింటి గట్టు మీద జిడ్డు పోయింది. రాగి బిందె కొత్తదానిలా మెరిసింది. సలోమి పాత సీసాల్లో నింపి వీధిలో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఊరికే ఇచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. ఈ నీళ్ళకు లొంగని మురికి ఉండదని ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది.

అదే వీధిలో ఆశీర్వాదం మాస్టారు ఒంటరిగా ఉండేవారు. ఆయన భార్య సుగుణమణి చనిపోయి పదకొండేళ్ళయింది. వాళ్ళకు పిల్లలు లేరు. నీటికాసుల జబ్బుతో మాస్టారి చూపు దాదాపు పోయింది. అయినా ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని సమాధుల తోటకు వెళ్ళేవారు. భార్య సమాధి మీది పాలరాయిని వేళ్ళతో నెమ్మదిగా తడుముతూ అరగంట కూర్చునేవారు. ప్రార్థన చేసుకుంటున్నారని అందరూ అనుకునేవారు.

సమాధుల పండుగ దగ్గరకొచ్చింది. ఊళ్ళోవాళ్ళు తోటలో కలుపు పీకి, సమాధులకు సున్నం వేయసాగారు. సలోమి మాస్టారి ఇంటికి వెళ్ళి, ఆ రాయి పాచి పట్టి ఉందని, ఈసారి తాను శుభ్రం చేస్తానని చెప్పింది.

"ఉత్త నీళ్ళు పోసి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలమ్మా. ఆ అక్షరాలు నేను..." అన్నారాయన.

"ఆ సంగతి నాకు వదిలెయ్యండి మాస్టారూ" అంది సలోమి, అప్పటికే గుమ్మం దాటుతూ.

పండుగకు ముందురోజు పొద్దున్నే ఆమె తోటకు వెళ్ళింది. పాచి మందంగా ఉంది కదా అని నీళ్ళు కలపకుండానే వాడింది. పాత తువ్వాలు ఒకటి ముంచి రాయంతా పరిచింది. అంచుల వెంట సన్నటి నురగ వచ్చింది. మురికి కదులుతోందని ఆమె మురిసిపోయింది. తువ్వాలు ఆరినప్పుడల్లా మళ్ళీ తడిపింది. మధ్యాహ్నం దాకా అలా ఉంచి, కొబ్బరిపీచుతో బలంగా తోమింది. పాచి పూర్తిగా పోయింది. రాయి సున్నం వేసినట్టు తెల్లబడింది. అక్షరాలు వెలిసినట్టు అనిపించాయి కానీ, రంగు పోయి ఉంటుందిలే అనుకుంది.

మర్నాడు సాయంత్రం తోటంతా కొవ్వొత్తులు వెలిగాయి. సలోమి మాస్టారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన మోకరించి రాయి మీద వేళ్ళు ఆనించారు. వేళ్ళు ఎడమ నుంచి కుడికి వెళ్ళాయి. మళ్ళీ వెనక్కి వచ్చాయి. కిందికి జరిగాయి, మళ్ళీ పైకి వచ్చాయి.

"అమ్మా సలోమీ, మనం వేరే వరసలోకి వచ్చినట్టున్నాం. ఇది సుగుణ రాయి కాదు" అన్నారు.

అది సుగుణమణి రాయేనని సలోమికి తెలుసు. వంగి తాను కూడా చెయ్యి పెట్టి చూసింది. పాలరాయి గరుకుగా చేతికి తగిలింది, అక్షరాల గీతలు ఎక్కడా అందలేదు. ఆమె నెమ్మదిగా జరిగిందంతా చెప్పింది.

మాస్టారు కోప్పడలేదు. ఆ రాయి సంగతి చెప్పారు. భార్య పోయినప్పుడు ఆయన ఆ రాయిని పనివాళ్ళకు ఇవ్వలేదట. చిన్న ఉలి అరువు తెచ్చుకుని, చూపు ఉండగానే వసారాలో కూర్చుని నలభై రోజులు తానే చెక్కారట. అలవాటు లేని చెయ్యి కనుక గీత లోతుగా దిగలేదు. పైన ఆమె పేరు, కింద ఆమెను తాను ఒక్కడే పిలుచుకునే పేరు. ఆ రెండో పేరేమిటో ఆయన చెప్పలేదు. అంతసేపు ఆ రాయిని తోమిన సలోమి దాన్ని చదవనే లేదు.

కొత్త రాయి వేయిస్తానని ఆమె ఏడుస్తూ అంది.

"వద్దమ్మా. కొత్తదాని మీద పేరుంటుంది. నా చెయ్యి ఉండదు" అన్నారాయన.

తరువాత మస్తాన్‌బీ సంగతి తెలిసి చాలా బాధపడింది. పులుపు పాలరాయిని తినేస్తుందని ఆవేళ చెప్పబోయానని, వెంటబడైనా చెప్పాల్సిందని తనను తానే నిందించుకుంది. సలోమికి ఆ మాట ఇంకా బరువుగా తోచింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం మాస్టారిని సలోమే తోటకు తీసుకెళ్తోంది. ఆయన అరచెయ్యి ఒక్క నిమిషం రాయి మీద ఉంచి, ఇక వెళ్దామంటారు. ఆ మాట పూర్తయ్యాకే ఆమె ఆయన చెయ్యి అందుకుంటుంది.

మేలు చేయాలన్న మనసు ఒక్కటే చాలదు. ఎదుటివారి మాట పూర్తిగా వినకుండా చేసిన మేలు వారికి తీరని నష్టంగా మిగిలిపోతుంది.