సగం కుడుము అమ్మవారు వెలసిన కథ

చెంగ్దూ మహానగరానికి పడమట, బస్సులో రెండు గంటల దూరాన యింగ్‌షెంగ్ కొండ ఉన్నది. శనివారం తెల్లవారేసరికి నగరవాసులు వీపున సంచులు, చేతిలో ఊతకర్రలు, ఫ్లాస్కుల నిండా వేడినీళ్లతో కొండ మొదట దిగుతారు. అక్కడ చదువుకునే మన తెలుగు పిల్లలు కూడా వారిలో కనబడతారు. మెట్లదారి మొదట్లో బియ్యపు పిండితో ఆవిరి కుడుములు చేసి అమ్మే ముసలమ్మలు కూర్చుని ఉంటారు. ఒంటరిగా వచ్చినవారికి వారు కుడుము అమ్మరు. ఇద్దరు కలిసి వస్తే ఒక్కటే ఇస్తారు. "ఆకలైతే కిందనే తినండి నాయనా, పైకి మాత్రం ఇద్దరికీ ఒక్కటే" అని మందలిస్తారు. శిఖరానికి కాస్త ఇవతల, లోయ అంచున చిన్న గుడి ఉన్నది. అందులో నిండు విగ్రహం లేదు. రాతిలోనుంచి ముందుకు చాచిన చేయి ఒక్కటే ఉన్నది. మనవాళ్లు ఆ తల్లిని సగం కుడుము అమ్మవారు అంటారు.

పిలిస్తే పలికే దైవమని మన ఊళ్లలో గొప్పగా చెప్పుకుంటాము. ఈ కొండమీద పిలిస్తే పలికేది దైవం కాదు. యాత్రికులు ఈ మాట ముందే తెలుసుకొని ఎక్కడం మంచిది.

పూర్వం ఇక్కడ సులాన్ అనే ఆమె, ఆమె భర్త దాపెంగ్ కొండ ఎక్కేవారికి దారి చూపుతూ బ్రతికేవారు. చాంద్రమానపు తొమ్మిదో నెల తొమ్మిదో నాడు ఎత్తైన చోటికి ఎక్కితే కీడు సోకదని ఆ దేశస్థుల నమ్మకం. ఆ పండుగకు నగరంలోని అంగళ్లవారు, గుమాస్తాలు బండ్లు కట్టుకొని వచ్చేవారు. ముందు సులాన్, చివర దాపెంగ్, నడుమ యాత్రికులు. ప్రతి మలుపులోనూ సులాన్ "ఉన్నారా?" అని కేక వేసేది. ఒకటి మొదలుకొని వరుసగా ఎవరి అంకె వారు పలకాలి. ఆఖరి అంకె దాపెంగ్‌ది. అది వినిపిస్తే అందరూ ఉన్నట్లే.

దాపెంగ్ మంచివాడే గాని, రెండుసార్లు పిలిస్తే గాని అతని నోరు పెగిలేది కాదు. పెళ్లయిన పదేళ్లలో మొదటి పిలుపుకు పలికిన పాపాన పోలేదని సులాన్ ఊరంతా చెప్పుకునేది. అయితే ఇంట్లో ఒక్క కుడుము మిగిలినా అతడు దానిని విరిచి, సగం ఆమె చేతిలో పెట్టనిదే తినేవాడు కాదు. ఈ సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పేది కాదు.

ఒక ఏడు పండుగనాడు ఎనిమిది మంది వచ్చారు. దాపెంగ్ శిఖరం వంక చూసి, "మంచు దిగేలా ఉంది. ఈ రోజు వద్దు" అన్నాడు.

"వచ్చినవాళ్లను తిప్పి పంపితే మళ్లీ మన గడప ఎవరు తొక్కుతారు? నీకు భయమైతే ఇంట్లోనే కూర్చో" అన్నది సులాన్.

అతడు మూతి ముడుచుకొని వరుస చివర నిలబడ్డాడు.

అతడు చెప్పినట్లే అయింది. పట్టపగలు, లోయ పక్కన బెత్తెడు దారిమీద ఉండగా మంచు కమ్మింది. చాచిన చేయి కనబడటం లేదు. సులాన్ "ఉన్నారా?" అని కేక వేసింది. అంకెలు ఎనిమిది దాకా వచ్చాయి. వెంటనే "తొమ్మిది" అని దాపెంగ్ గొంతు మెత్తగా పలికింది. అలక తీరిందని ఆమె సంతోషించింది. రెండో మలుపులోనూ అంతే త్వరగా పలికితే ఆశ్చర్యపోయింది. మూడో మలుపులో ఆమె పిలుపు పూర్తికాకముందే, ఒకటి అనవలసినవాడు నోరు తెరవకముందే, "తొమ్మిది" అన్నది ఆ గొంతు. సులాన్ ఒళ్లు జలదరించింది.

ఆమె అందరినీ ఆపి, తన బుట్టలోని కుడుములను ఒకరి చేతినుంచి ఒకరికి వెనక్కి అందించమన్నది. ఎనిమిది మందికీ అందాయి. ఎనిమిదో మనిషి లూ అనే గుమాస్తా. అతడు తొమ్మిదో కుడుము పట్టుకొని వెనక్కి చేయి చాపాడు.

"అక్కా, తీసుకోవడం లేదు" అన్నాడు. కాసేపటికి, "నా వెనక ఎవరూ తగలడం లేదు" అన్నాడు.

ఎవరూ పిలవకుండానే అతని భుజం పక్కనుంచి "తొమ్మిది" అని వినవచ్చింది.

సులాన్ అందరినీ కొండవైపు ఆనించి కూర్చోబెట్టి, ఒకరి నడికట్టు ఒకరు పట్టుకోండి, ఏ గొంతు పిలిచినా పలకవద్దు అని చెప్పింది. తొమ్మిదో కుడుము తీసుకొని, రాతిని తడుముకుంటూ మోకాళ్లమీద వచ్చిన దారినే వెనక్కి వెళ్లింది. భయంతో ఆమె పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. వద్దన్న మనిషిని తానే తీసుకొచ్చానన్న బాధ ఆ భయంకన్నా ఎక్కువగా ఉన్నది.

"సులాన్, ఇటు రా" అని లోయవైపునుంచి భర్త గొంతు పిలిచింది. పదేళ్లుగా ఏ పిలుపుకు ఆమె ముఖం వాచి ఉన్నదో, అదే పిలుపు. ఆమె అటు జరగబోయి ఆగింది.

"నా మొగుడు ఇంత ముద్దుగా పిలవడు" అని ఆమె పైకే అన్నది.

మూడు మలుపులు దాటాక దారి అంచు విరిగి, తడిమన్ను చేతికి తగిలింది. ఆమె బోర్లా పడుకొని కుడుమును కింది మంచులోకి చాచింది. చాలాసేపటికి చల్లని వేళ్లేవో ఆమె వేళ్లను తాకాయి. అవి ఎవరివో తెలియదు. చేయి వెనక్కి లాక్కోవాలని ఒళ్లంతా చెబుతున్నా ఆమె లాక్కోలేదు. కుడుము చేతిలోనుంచి వెళ్లిపోయింది. తరువాత అందులో సగం తిరిగి ఆమె అరచేతిలోకి వచ్చింది.

సులాన్ ఏడుస్తూ ఆ మణికట్టును రెండు చేతులా పట్టుకున్నది. తరువాత తన నడికట్టు విప్పి ఒక కొస అందించి, కింది రాతిగట్టున చిక్కుకున్న అతన్ని పైకి లాగింది. దాపెంగ్ నోరు తెరిచి అరుస్తూనే ఉన్నాడు, శబ్దం రావడం లేదు. అందరూ ప్రాణాలతో కిందికి దిగారు. అతని గొంతు మాత్రం కొండమీదనే ఉండిపోయింది.

ఇరవై ఏళ్లకు దాపెంగ్ కాలం చేశాడు. అటు తరువాత మంచు కమ్మిన ప్రతి రోజూ సులాన్ ఒక కుడుము తీసుకొని ఆ మలుపుకు వెళ్లి కూర్చునేది.

"ఆ పాడు చోటికి ఎందుకమ్మా?" అని ఇరుగుపొరుగు అడిగితే, "గొంతు ఆయనదే కదా. వింటాను. బదులు పలకనులే" అనేది.

ఒక పండుగనాడు ఆమె తిరిగి రాలేదు. వెతికినవారికి లోయ అంచున సగం కుడుము కనబడింది. రెండో సగం ఏమైందో నేటికీ ఎవరూ చెప్పలేరు. ఆ చోటనే రాతిలో చేయి వెలసిందని పెద్దలు అంటారు.

నేటికీ ఇక్కడ యాత్రికులు అంకెలు పలకరు. ఒక కుడుమును విరిచి, వెనకనున్నవారి చేతిలో సగం పెట్టి, ఆ చేయి తగిలాకనే ముందుకు కదులుతారు. అమ్మవారి అరచేతిలో ఒక కుడుము ముక్క ఉంచి మొక్కినవారు దారిలో విడిపోరని, అలిగిన దంపతులు కలిసి ఇల్లు చేరతారని నమ్మకం. మంచులో "తొమ్మిది" అని వినిపిస్తే బెదరవద్దు. సులాన్ వెళ్లిపోయిన నాటినుంచి "ఉన్నారా?" అని ఒక ఆడగొంతు కూడా పిలుస్తున్నది. అది ఎంత ఆప్యాయంగా పిలిచినా పలకవద్దు. చేయి వెనక్కి చాచండి. ఏ చేయీ తగలకపోతే, అమ్మవారిని తలచుకొని వచ్చిన దారినే వెనక్కి వెళ్లి వెతకండి.