వస్తాదుల వరస

మల్కయ్యకు నాలుగు రోజులుగా తిండి సయించడం లేదు.

కంచం ముందు కూర్చుంటాడు, జొన్నరొట్టె తుంచుతాడు. నోట్లో పెట్టుకోకుండా, నంజుకోమని వేసిన పచ్చిమిరపకాయల్ని ఒకదాని పక్కన ఒకటి పేరుస్తాడు. రెండోదాన్ని తీసి మొదటికి తెస్తాడు, కాసేపు చూస్తాడు, మళ్ళీ వెనక్కి జరుపుతాడు. ఆరు మిరపకాయలు, ఆరుగురు వస్తాదులు. అతని భార్య పోశవ్వ చూసి చూసి, "తింటవా, వాటికి కుస్తీ పెడ్తవా?" అని ఎత్తిపొడిచి కంచం తీసుకుపోయింది.

సంగతేమిటంటే, చింతలగట్టు సంస్థానంలో ఆ రోజుల్లో ఆరు తాలీంఖానాలు ఉండేవి. కుస్తీ నేర్పే చోటు తాలీంఖానా, నేర్పే గురువు వస్తాదు. ఒక్కో తాలీంఖానాకూ ఏటా జొన్నలూ నెయ్యీ రాజావారి గడి నుంచే వెళ్ళేవి. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. ఆరింటినీ సాకడం ఇక తన వల్ల కాదన్నారు రాజావారు.

కొండ మీది దర్గాలో ఏటా జరిగే ఉర్సు పండగలో కుస్తీలు అయ్యాక వస్తాదులకు తలపాగాలు చుట్టడం ఆనవాయితీ. ఈసారి మాత్రం గొప్పను బట్టి వరసగా చుట్టాలన్నారు. చివరి తలపాగా ఎవరికి దక్కుతుందో ఆ వస్తాదు గోదా మూతపడుతుంది. ఆ గోదా మన్ను తవ్వి, బండ్లకెత్తి, మొదటి తలపాగా అందుకున్న వస్తాదు గోదాలో కలిపేస్తారు. నేర్చుకునే పిల్లలు కూడా మన్ను వెంటే పోవాలి.

ఆ వరస చెప్పే పని మల్కయ్య నెత్తిన పడింది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల అతన్ని చిత్తు చేసిన జెట్టీ లేడు. మోకాలు చెడ్డాక గోదా దిగడం మానేసి, రాజావారి కొలువులో చేరి, ఉర్సు కుస్తీలు జరిపించే పని చూసుకుంటున్నాడు. అందరి పట్లూ తెలిసినవాడు, నువ్వే చెప్పు అన్నారు రాజావారు. సరేనని దండం పెట్టి వచ్చాడు.

ఇక చూడండి. వీధిలోకి వస్తే చాలు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని పక్కకు లాగేవారు. జంగప్ప వస్తాదు మనుషులు నెయ్యి కుండ తెచ్చి అరుగు మీద పెట్టిపోయారు. పోశవ్వ ఆ కుండ తిరిగి పంపేస్తే, అంత పొగరా అని ఆ వీధి వీధంతా మాటలు మానేసింది. తన గురువు తాలీంఖానా పిల్లలైతే ఏమీ అడగరు. అతను కనిపించగానే లేచి నిలబడి నవ్వుతారు. మనవాడే కదా, ఇంకేం భయం అన్నట్టు. ఆ నవ్వు చూస్తే అతను పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

ఎందుకంటే అతని దిగులంతా మొదటి రెండు తలపాగాల గురించే. ఒకరు జంగప్ప, ఇంకొకరు తన గురువు తిమ్మోజీ. ఇద్దరి శిష్యులూ గెలిచిన కుస్తీలు ఇంచుమించు సమానం. తిమ్మోజీని ముందు పిలిస్తే ఉప్పు తిన్న విశ్వాసం చూపించాడంటారు. జంగప్పను ముందు పిలిస్తే పెంచిన చేతిని కరిచాడంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

చివరి తలపాగా గురించి మాత్రం అతనికి బెంగ లేదు. ఊళ్ళో ఎవరికీ లేదు. అది మదార్ సాబు వస్తాదుదని చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. దర్గా మెట్ల కింద చిన్న గోదా ఆయనది. ఆయన తాలీంఖానా నుంచి ఒక్కడు ఉర్సులో గెలిచి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. మల్కయ్య కూడా ఆరో మిరపకాయను ఒక్కసారైనా కదిపింది లేదు.

ఉర్సు రేపనగా, ఇక ఉండబట్టలేక, పొద్దున్నే తిమ్మోజీ దగ్గరికి వెళ్ళాడు.

తిమ్మోజీ అరవై దాటిన మనిషి. మాట తక్కువ. చిన్నప్పటి నుంచీ ఆయన్ని చిత్తు చేసిన మగాడు పుట్టలేదు. వీపుకు మన్ను అంటని వస్తాదు అని ఆయన పేరుకు ముందే చెప్పుకునేవారు. మల్కయ్య వెళ్ళేసరికి గోదాలో ఒంటరిగా కూర్చుని, రాత్రి నూనే మజ్జిగా పోసి నానబెట్టిన ఎర్రమన్నులో గడ్డలు చిదుపుతున్నాడు.

మల్కయ్య గట్టు మీద నిలబడి తన గోడంతా వెళ్ళబోసుకున్నాడు. మిమ్మల్ని ముందు పెడితే ఇదీ మాట, వెనక పెడితే అదీ మాట, నాకు నిద్ర లేదు, తిండి లేదు అన్నాడు. చివరికి దండం పెట్టి, "మీరే చెప్పుండ్రి వస్తాదూ. మిమ్మల్ని మొదట పిలువాల్నా, జంగప్ప తర్వాత పిలువాల్నా?" అన్నాడు.

తిమ్మోజీ తలెత్తలేదు. చెప్పులు విడిచి లోపలికి రమ్మన్నాడు.

మల్కయ్య మన్నుకు మొక్కి గోదాలోకి దిగాడు. గురువు పక్కన వంగి తనూ గడ్డలు చిదపడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి చేతులకు ఆ పాత వాసన అంటి, మనసు కాస్త కుదుటపడింది. నడుము నొప్పి పుట్టి లేచి నిలబడ్డాడో లేదో, తిమ్మోజీ కూర్చున్నచోటు నుంచే కాలు విసిరి అతని రెండు కాళ్ళూ ఊడగొట్టాడు.

ఏం జరిగిందో తెలిసేలోపే మల్కయ్య గాలిలో ఉన్నాడు. తల వంగి గదవ తనంతట తనే రొమ్ముకు అతుక్కుంది. భుజం తిరిగింది. అరచెయ్యి చటుక్కున మన్నును చరిచింది. దొర్లి, లేచి, మళ్ళీ కాళ్ళ మీద నిలబడ్డాడు. చెడిపోయిన మోకాలు కూడా కిమ్మనలేదు.

"దెబ్బ తాకిందా?" అన్నాడు తిమ్మోజీ.

"లేదు వస్తాదూ."

"ఎవరు నేర్పిన్రు?"

ఇదేం ప్రశ్న అనుకున్నాడు మల్కయ్య. "మీరే."

తిమ్మోజీ అటు తిరిగి కూర్చున్నాడు. విశాలమైన వీపు, ముసలితనంలోనూ నున్నగా ఉంది. "ఈ వీపుకు ఎన్నడన్న మన్ను అంటంగ చూసినవా?"

"చూడలే."

"మన్ను అంటని వీపు ఏం నేర్పుతది?"

అంతే. మళ్ళీ గడ్డలు చిదుపుకుంటూ కూర్చున్నాడు.

మల్కయ్య బయటికొచ్చి నాలుగడుగులు వేశాక కాళ్ళు ఆగిపోయాయి.

గుర్తొచ్చింది. తల్లి తనను తెచ్చి తిమ్మోజీ తాలీంఖానాలో వదిలిన కొత్తలో, ఆయన పట్లు నేర్పలేదు. ఒక వానకాలమంతా మదార్ సాబు గోదాకు నీళ్ళు మోయడానికి పంపాడు. ఎందుకు పంపాడో అడిగే వయసు కాదు. నీళ్ళు మోశాక సాబు పిల్లల్ని ఆడించేవాడు. అందరినీ గోదాలో నిలబెట్టి, ఉన్నట్టుండి "గోడ కూలింది!" అని అరిచేవాడు. పిల్లలంతా కూలిపోవాలి. మెత్తగా కూలినవాడికి బెల్లంముక్క. ఆ బెల్లం కోసం ఎన్ని వందలసార్లు పడ్డాడో! అది ఆట అనుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆట అనే అనుకున్నాడు. తన పక్కన పడి నవ్విన పిల్లల్లో జంగప్ప కొడుకు ఉన్నాడు. మిగతా తాలీంఖానాల పేరుమోసిన జెట్టీలంతా ఉన్నారు. పడటం వచ్చేసరికి ఎవరి వస్తాదు దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. సాబు దగ్గర మిగిలేది, ఇంకా పడటం రానివాళ్ళు.

మొదటి మిరపకాయ గురించి ఏడ్చాడు గానీ, చివరిదాని వంక చూశాడా?

సాయంత్రం దర్గా మెట్ల దగ్గరికి వెళ్ళాడు. మదార్ సాబు చిన్నచిన్న పిల్లల మధ్య నిలబడి ఉన్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. మల్కయ్యను చూసి తలపాగా ఊసే ఎత్తలేదు. మోకాలు ఎట్లున్నది బిడ్డా అని అడిగాడు. చలికి నువ్వులనూనె రాయమన్నాడు. ఆ తర్వాత ఆయనే అన్నాడు.

"నువ్వు ఫికర్ చెయ్యకు. మన్ను జంగప్ప దిక్కు పోతే మా పోరగాళ్ళను అర్సుకోమని ఆయనకు ముందే చెప్పిపెట్టిన. మంచిగ చూసుకుంటనన్నడు."

ఆ మాటకన్నా చెంపదెబ్బ నయం. మల్కయ్య గబగబా అక్కణ్ణుంచి వచ్చేశాడు.

ఇప్పుడు దిగులు తీరకపోగా రెట్టింపయింది. సాబు చివర కాకపోతే ఇంకెవరు? ఆరుగురిలో ఒకరు చివర ఉండక తప్పదు. పాతకోట తాలీంఖానా వస్తాదును చివర అనుకుంటే ఆయన పిల్లల ముఖాలు కళ్ళముందుకొచ్చాయి. ఇంకొకాయన్ను అనుకున్నాడు. ఆయన తాలీంఖానాను ఆయన తాతే కట్టించాడు. తన సాబును బతికించుకోవడానికి పరాయివాడి గోదా మూయమని ఏ నోటితో చెప్పడం? ఆ రాత్రి ఎలా తెల్లవారిందో అతనికే తెలియదు.

ఉర్సులో కుస్తీలు ముగిశాయి. డప్పులు ఆగాయి. జంపఖానా మీద ఆరుగురు వస్తాదులు కూర్చున్నారు. రాజావారి పక్కన పళ్ళెంలో ఆరు తలపాగాలు. జనం ముందుకు జరిగారు. మల్కయ్య నీళ్ళు తాగి, మొదటి పేరు పిలిచాడు.

"మదార్ సాబు వస్తాదు."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక నుంచి ఎవడో పక్కున నవ్వాడు. ఆ నవ్వు జనమంతా పాకింది. సాబు తనను కాదనుకుని అటూ ఇటూ చూశాడు. రాజావారికి కోపం వచ్చింది. ఎగతాళికి ఇది సమయమా, గెలవడం తెలియని గోదాకు మొదటి తలపాగా ఏమిటి అని గద్దించారు.

మల్కయ్య చేతులు కట్టుకున్నాడు. "పక్క సంస్థానంల ఏటా ఎవరో ఒక జెట్టి మెడ విరిగి మంచాన పడ్తడు, రాజావారూ. మన ఉర్సుల ఇంతవరకు ఒక్క మెడ విరగలే. ఎందుకో వస్తాదులనే అడుగుండ్రి."

రాజావారు వస్తాదుల వైపు చూశారు. జంగప్ప తల వంచుకుని భుజం మీది కండువా సర్దుకున్నాడు. కాసేపటికి లేచి, మదార్ సాబు రెక్క పట్టుకుని తనే లేపాడు. ఇక ఎవరూ నవ్వలేదు.

రెండో తలపాగా జంగప్పకు. మూడోది, నాలుగోది, అయిదోది. ఒక్కో పేరు పిలిచినప్పుడల్లా తిమ్మోజీ తాలీంఖానా పిల్లల ముఖాల్లో నవ్వు కొంచెం కొంచెంగా ఆరిపోయింది. చివరికి పళ్ళెంలో ఒక్క తలపాగా మిగిలింది. జంపఖానా మీద ఒక్క మనిషి మిగిలాడు. పిలవాల్సిన పనే లేదు. అయినా పిలవకుండా చుట్టించడం ఇంకా పెద్ద పాపం. మల్కయ్యకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"మా తిమ్మోజీ వస్తాదు."

తిమ్మోజీ లేచి వచ్చాడు. తల వంచి తలపాగా చుట్టించుకున్నాడు. తిరిగి వెళ్తూ మల్కయ్య ముందు ఆగాడు. కొడతాడనుకున్నాడు మల్కయ్య. కొడితే బాగుండుననుకున్నాడు. తిమ్మోజీ అతని భుజం మీద చెయ్యి వేసి, బండ్లు ఎన్ని పడతాయో చూసుకోమని, మన్నులో రాళ్ళు రాకుండా జల్లెడ పట్టించమని చెప్పి వెళ్ళిపోయాడు.

మన్ను చేరవేయడం అయ్యాక, ఒక తెల్లవారుజామున, మదార్ సాబు గోదాలో పిల్లలు నిలబడ్డారు. వాళ్ళ మధ్య తిమ్మోజీ కూడా లంగోటీ కట్టుకుని నిలబడి ఉన్నాడు. గట్టు మీద మల్కయ్య నీళ్ళ కడవతో ఉన్నాడు.

"సాబు వస్తాదూ," అన్నాడు తిమ్మోజీ, "నాకు పడుడు రాదు. నేర్పుతరా?"

మదార్ సాబు ఆయన భుజాలు పట్టి పిల్లల వరసలో సరిగ్గా నిలబెట్టాడు. తర్వాత "గోడ కూలింది!" అని అరిచాడు.

పిల్లలంతా కూలారు. తిమ్మోజీ కూడా దబ్బుమని పడ్డాడు. ఏం పడ్డాడు లెండి, బస్తా పడ్డట్టు పడ్డాడు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. గదవ పైకి లేచింది, మళ్ళా పడమన్నాడు సాబు. బెల్లం పక్కనున్న పిల్లాడికి పోయింది. తిమ్మోజీ మళ్ళీ లేచాడు, మళ్ళీ పడ్డాడు. ఎండ గోదాలోకి వచ్చేసరికి ఒక్కసారి బాగా పడ్డాడు. పడ్డవాడు లేవలేదు, అలాగే ఆకాశం వంక చూస్తూ ఉండిపోయాడు.

మల్కయ్య కడవ దించి పరిగెత్తాడు. రెండు చేతులూ పట్టి లేపి కూర్చోబెట్టాడు. మెడ నుంచి నడుము దాకా వీపంతా ఎర్రమన్ను. అతని చెయ్యి తనకు తెలియకుండానే దులపబోయింది.

"దులపకురా," అన్నాడు తిమ్మోజీ. "ఉండనియ్."