లిఫ్టు ముందు ఆవు

"స్వామీ, నగరం ఇంత పెరుగుతోంది, ఇళ్ళు కట్టే కూలీలకే తలదాచుకునే చోటు లేదు. వాళ్ళకూ నాలుగు గదులు కట్టాలని నాకుంది. డబ్బెక్కణ్ణుంచి తేను?" అని వేదాద్రి అడిగాడు. పెద్ద పెద్ద అపార్టుమెంట్లు కట్టి అమ్మే శిష్యుడితను. మా గురువుగారు చిదంబరస్వామికి అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు లేదు. నీ కొత్త భవనం గృహప్రవేశానికి వస్తానుగా, అప్పుడు చూద్దాంలే అన్నారు.

ఆ రోజు స్వామివారి వెంట నేనూ వెళ్ళాను. ఫ్లాట్లు కొన్నవాళ్ళంతా ఒకే ముహూర్తం పెట్టుకుని, పట్టుబట్టలు కట్టి పై అంతస్తు హాల్లో చేరారు. కింద లిఫ్టు ముందు పసుపుకుంకుమలు పెట్టిన ఆవు, పక్కనే దూడ. పాలు పొంగించే ముందు అవి గడప దాటాలి కదా, అందుకని లిఫ్టులో పైకి తీసుకెళ్తారట. ఆవు మాత్రం ఆ ఇనుప గదిని నమ్మక వెనక్కి వెనక్కి తగ్గుతోంది.

వేదాద్రి ఎదురొచ్చి, ముందు మా గోశాల చూడండి స్వామీ అంటూ సెల్లారులోకి తీసుకెళ్ళాడు. ఇక మీదట ఎవరింట శుభకార్యమైనా ఆవును అద్దెకు తెచ్చుకునే పని లేదట. గోడలకు టైల్సు, పైన ఫ్యాను, మూల కుళాయి. గుమ్మం బయట, మూటల పక్కన, పసిగుడ్డును ఒళ్ళో పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. పేరు బాలమణి. పునాది తవ్విన నాటి నుంచి ఈ భవనానికి ఇసుక మోసింది. ఆమె కాపురమున్న మూలలోనే గోశాల లేచింది. కాన్పయినప్పటి నుంచీ ఆ గుమ్మం బయటే పడుకుంటోంది.

"పొద్దుమూకేలోపల పొమ్మన్నరు సామీ. ఈ పచ్చిపిల్లనేసుకొని యాడికి పోవాలె?" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పేవి శ్రీరంగనీతులని ఊరికే అన్నారా! కూలీలకు గూడు లేదని మొన్న మా ముందు కళ్ళొత్తుకున్న పెద్దమనిషి, ఆవుకు ఫ్యాను పెట్టి బాలింతను గుమ్మం బయట పెట్టాడు. ఆవు చేసిన పాపమేమీ లేదు. నా కోపమంతా మనిషి మీద.

స్వామివారు మాత్రం నింపాదిగా గోడ తడిమి చూసి, చాలా బాగుందనీ, దీనికి డబ్బెక్కడిదనీ అడిగారు.

వేదాద్రి ముఖం విప్పారింది. "అదెంత పని స్వామీ. ఫ్లాటుకింత అని వేశాం. ఏటా మేతకూ ఇస్తామన్నారు. ఒక్కరూ కాదనలేదు."

అన్నాక తన మాట తనకే వినబడినట్టుంది. బాలమణి వైపు చూడలేక తల దించుకుని, అది గోమాత కనక ఇచ్చారనీ, కూలీల ఇళ్ళంటే ఎవరిస్తారనీ గొణిగాడు.

"అడిగావా?" అన్నారు స్వామివారు.

ఇంతలో ముహూర్తం దగ్గరపడిందని పురోహితుడు పైనుంచి కబురు పంపాడు. వేదాద్రి చేతులు జోడించి, దయచేయండి స్వామీ అన్నాడు. స్వామివారు ఉత్తరీయం దులిపి, గోశాల గుమ్మం ముందు, బాలమణి మూటల పక్కన నేల మీద కూర్చున్నారు.

"పైన అందరూ ఉన్నారుగా. అడిగి రా. అందాకా ఆవూ నేనూ కిందే ఉంటాం."