వెండి చెంచా చలువ

అనగనగా కలశపురమని ఓ రాజ్యం. ఆ రాజుగారికి లేకలేక ఓ కొడుకు పుట్టాడు. చూస్తుండగానే బాబుకు అన్నప్రాశన ముహూర్తం దగ్గరపడింది.

ఇక చూడండి, కోటంతా ఒకటే రభస! బాబు నోటికి పాయసం అందించాల్సింది వెండి చెంచాతోనా, బంగారు చెంచాతోనా?

"వెండి చంద్రుడి లోహం మహారాజా! చలువ దాని గుణం," అన్నాడు యజ్ఞేశ్వర పండితుడు. ఆయన లోహశాస్త్రంలో దిట్ట, పంతంలో ఇంకా దిట్ట.

"ఏం కాదు! బంగారం నిప్పుల్లో వేసినా మాడదు. వేడి దాని జోలికే రాదు," అంది విదుషి భ్రమరాంబ. ఆవిడా తక్కువది కాదు.

వాదం ఎంతకీ తెగలేదు. చివరికి యజ్ఞేశ్వరుడు వెండి చెంచా తీసి రాజుగారి చెంపకు ఆనించాడు.

"అబ్బ, ఎంత చల్లగా ఉందో!" అన్నారు రాజుగారు.

రాణిగారి చెంపకు ఆనించాడు. "అవునండోయ్!" అన్నారు ఆవిడ. మంత్రిగారి బట్టతలకు ఆనిస్తే ఆయన చక్కిలిగింతలు పెట్టినట్టు మెలికలు తిరిగిపోయాడు. ఇంకేముంది, సభలో చప్పట్లే చప్పట్లు! బంగారు చెంచాను కూడా ఆనించి చూద్దామని ఒక్కరికీ తోచలేదు. యజ్ఞేశ్వరుడి కాలికి గండపెండేరం తొడిగారు. జీవితమంతా కలలుగన్న గౌరవమది. ఆయన మనసు గాల్లో తేలిపోయింది.

ముహూర్తం రానే వచ్చింది. పాయసం మాత్రం అప్పుడే పొయ్యి దిగింది. పొగలు కక్కుతోంది.

"ముహూర్తం దాటిపోతోంది ప్రభూ, చల్లార్చే తీరిక లేదు!" అన్నాడు పురోహితుడు.

"చల్లార్చడమెందుకు? వెండి చలువ కదా!" అన్నారు రాజుగారు ధీమాగా.

యజ్ఞేశ్వరుడు వెండి చెంచాను పాయసంలో ముంచాడు. వేళ్ళు చుర్రుమన్నాయి! గతుక్కుమని, బంగారు చెంచా ముంచాడు. అదీ చుర్రుమంది! వంటవాళ్ళ చెక్క గరిటె ముంచి చూశాడు. దాని కాడ మాత్రం చల్లగానే ఉంది.

పండితుడికి తన పొరపాటు అర్థమైపోయింది. నోరు విప్పితే గండపెండేరం పోతుంది, పరువూ పోతుంది. విప్పకపోతే? రాణిగారి ఒళ్ళో బాబు బోసినోరు తెరిచి కేరింతలు కొడుతున్నాడు. రాజుగారు చెంచా కోసం చెయ్యి చాచారు.

"ఆగండి మహారాజా! నేను చెప్పింది తప్పు!" అని అరిచేశాడు. "వెండిలో చలువ లేదు. వేడిని గబగబా లాగేసుకోవడమే దాని గుణం. ఆ రోజు మీ చెంప వేడిని లాక్కుంది, అందుకే చల్లగా తోచింది. ఇప్పుడు పాయసం వేడిని లాక్కుంది. నా వేళ్ళు చూడండి, ఎలా కందిపోయాయో!"

"అయితే గెలుపు నాదేగా!" అంటూ భ్రమరాంబ పాయసంలోని బంగారు చెంచా అందుకుంది. మరుక్షణం "అమ్మో!" అని వదిలేసి వేళ్ళు ఊదుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వేశారు. సభంతా నవ్వింది.

ముహూర్తం కాస్త దాటితే దాటిందని రాణిగారు పాయసాన్ని ఊది ఊది చల్లార్చారు. బాబు లొట్టలేసుకుంటూ తిన్నాడు.

యజ్ఞేశ్వరుడు తలొంచుకుని గండపెండేరం తియ్యబోయాడు. రాజుగారు చటుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"ఉంచుకోండి పండితులవారూ! ఆ రోజు మీ వాదం విని ఇచ్చాం. మీరు దానికి తగినవారని ఇవాళే తెలిసింది," అన్నారు, కళ్ళు చెమర్చగా.

చూశారా పిల్లలూ! తాను చెప్పింది తప్పు అని తెలిసినప్పుడు నలుగురిలో ఒప్పుకోగలిగినవాడే అసలైన పండితుడు.