గాలి తగలని రాగి బిందె

నేను చెప్పబోయేది అబద్ధమనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. మధ్యలో ఎత్తితే ఒప్పుకోను. అరవై ఏళ్ళుగా ఈ సంగతి చెబుతున్నాను, ఒక్క ముక్క తగ్గించలేదు. పెంచానా అంటారా? పెంచడానికి చోటేదీ? నిజమే దాంట్లో అంచుల దాకా నిండి ఉంది.

చిలకలంకలో బొండాల వారని ఓ కుటుంబం ఉండేది. ముగ్గురన్నదమ్ములు. పెద్దవాడు భద్రయ్య, నడిపివాడు తాతబ్బాయి, చిన్నవాడు గంగులు. భద్రయ్య పెళ్ళాం సూరమ్మ. నలుగురికీ తమ తెలివి మీద ఎంత గర్వమంటే, నిద్రలో అది ఎక్కడ కారిపోతుందోనని చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేవారు. ఓసారి గంగులు దూది మరిచిపోయి పడుకున్నాడు. పొద్దున్నే సూరమ్మ వాడి దిండు దులిపి, రాలినదేదైనా ఉంటే పనికొస్తుందని ఆ దుమ్మంతా మూటగట్టి బియ్యం డబ్బాలో దాచింది.

ఆ ఇంటికి ఊళ్ళో ఒక పెద్ద మర్యాద ఉండేది. ఏటా అమ్మవారి జాతరకి గోదావరి నుంచి మొదటి బిందె నీళ్ళు మోసుకెళ్ళేది వాళ్ళే. బిందె రాగిది, మూత ఇత్తడిది. ఎంత పెద్ద బిందె అనుకున్నారు! నేను అందులోకి తొంగి చూసి "ఓయ్" అని, ఇంటికెళ్ళి భోంచేసి వస్తే, అప్పుడు వినబడేది లోపల్నుంచి "ఓయ్" అని.

మరి అంత బిందెనీ ఏడాది పొడుగునా పట్టించుకున్న నాథుడు లేడు. కిలుం పట్టి పచ్చగా తయారైంది. జాతర దగ్గర పడుతోందనగా మునసబు రాఘవయ్య గారు వచ్చి చూశారు.

"ఏరా భద్రయ్యా, ఇది బిందా, కుళ్ళిన గుమ్మడికాయా? శుక్రవారానికి ఇది తళతళలాడాలి. లేదో, ఈ ఏడు నుంచి మొదటి బిందె చల్లా పేరిశెట్టి మోస్తాడు" అనేశారు.

భద్రయ్య ఇంట్లోకి పరిగెత్తాడు. "మా తాత మోశాడు, మా అయ్య మోశాడు. నా దగ్గరికొచ్చేసరికి ఆ మర్యాద పేరిశెట్టి నెత్తికెక్కితే నేను వీధిలో ఎలా తిరగనే?" అని పెళ్ళాం దగ్గర ఏడ్చాడు. ఆ పూట అన్నం సహించలేదు పాపం. నాలుగు సార్లే వడ్డించుకున్నాడు.

మర్నాడు పాత్రలకి కళాయి వేసే ఖాసిం సాయిబు ఊళ్ళోకొచ్చాడు. అన్నదమ్ములు ముగ్గురూ అతని మీద పడ్డారు. సాయిబు మంచివాడు. కూచోబెట్టి వివరంగా చెప్పాడు.

"చూడండి బాబూ, చింతపండు గుజ్జులో ఉప్పు కలిపి బిందెకి పట్టించండి. కాసేపు దాని జోలికి వెళ్ళొద్దు. తర్వాత బూడిదేసి కొబ్బరి పీచుతో తోమండి, ముఖం కనబడేదాకా తోమాలి. కడిగి పొడిగుడ్డతో తుడవండి. ఆ పైన మాత్రం జాగ్రత్త. తడి తగలకూడదు, గాలి తగలకూడదు, చేతి చెమట తగలకూడదు. తగిలిందా, మళ్ళీ కిలుమే."

"ఇంతేనా?"

"ఇంతే. చిన్నపిల్లలైనా చేస్తారు."

"చిన్నపిల్లలు చేసినట్టు చెయ్యడానికి మేమెవరమనుకున్నావు సాయిబూ?" అని మీసం దువ్వాడు భద్రయ్య. "మేం బొండాల వాళ్ళం. నువ్వన్నది ఒక్క మాట జారనివ్వం."

జారనివ్వలేదు కూడా. అదే కదా వచ్చిన గొడవ.

చింతపండు, ఉప్పు పట్టించి బిందెని వాకిట్లో పెట్టి, నలుగురూ వెళ్ళి వీధి చివర నిలబడ్డారు. ఇంకేముంది, ఉప్పు వాసనకి పేరిశెట్టి గారి మేక వచ్చింది. నాకడం మొదలుపెట్టింది.

"అన్నయ్యా, మేక!" అన్నాడు గంగులు.

"కనబడుతోంది. జోలికి వెళ్ళొద్దన్నాడుగా సాయిబు."

"బిందె జోలికి కదా, మేక జోలికి వెళ్ళొచ్చుగా?"

"మేక ఎక్కడుందిరా? బిందె దగ్గరుంది. మేక దగ్గరికెళితే బిందె దగ్గరికి వెళ్ళినట్టా, కాదా?"

సూరమ్మ వీధి చివర్నుంచే చేతులు జోడించింది. "ఓ మేకమ్మా, నీకు పుణ్యముంటుంది, పక్కకి తప్పుకోవే" అని. మేక తప్పుకోలేదు సరికదా, ఇంటికెళ్ళి తన ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకొచ్చింది. అంతే. కాసేపటికి చింతపండు చుక్క లేదు, ఉప్పు రవ్వ లేదు. నాకినంత మేరా బిందె నిగనిగలాడుతోంది.

"చూశావా, మన తెలివి!" అన్నాడు తాతబ్బాయి. "చెయ్యి కదపకుండా సగం పని అయిపోయింది."

తర్వాత తోమడం. బూడిద పోశారు, పీచు పట్టారు, వంతులవారీగా రుద్దారు. వాళ్ళు రుద్దిన చప్పుడుకి అవతలి ఒడ్డున కప్పలు వానొచ్చిందనుకుని బెకబెకలాడాయి. నేను విన్నాను. మధ్యాహ్నానికి బిందె పొట్ట మీద ముఖం కనబడింది. భద్రయ్య వంగి చూసి వెనక్కి పడ్డాడు.

"ఇదెవడ్రా? బుగ్గలు బూరెల్లా ఉన్నాయి. ముక్కు వంకాయలా ఉంది."

సూరమ్మని పిలిచారు. ఆవిడ భద్రయ్య భుజం మీంచి తొంగి చూసి, "ఇతను మా ఆయన కాదు. ఇలా ఉంటే పెళ్ళిచూపుల్లోనే పారిపోయేదాన్ని. పక్కనున్న లావుపాటావిడ ఇతని పెళ్ళాం కాబోలు, ఎంత గయ్యాళిలా ఉందో చూడండి" అంది.

"అమ్మవారి బిందెలో పరాయి మొగుడూ పెళ్ళాం కాపరమా!" అని భద్రయ్యకి రోషమొచ్చింది. "తోమండ్రా, వాళ్ళు పోయేదాకా తోమండి!"

తోమేకొద్దీ వాళ్ళు ఇంకా స్పష్టంగా కనబడ్డారు. భద్రయ్యకి చెమటలు కారుతుంటే బిందెలోవాడికీ కారుతున్నాయి. సూరమ్మకి జాలేసింది. "పొద్దుట్నుంచీ మనతో సమానంగా కష్టపడుతున్నాడండీ పాపం" అని చెంబెడు పుల్లమజ్జిగ తెచ్చి వాడి ముఖాన పోసింది. మజ్జిగ తెల్లగా కమ్మేసింది, ముఖం మాయమైంది.

"తాగి పడుకున్నారు" అంది సూరమ్మ తృప్తిగా.

పుల్లమజ్జిగ రాగికి ఎంత మంచిదో మీకు తెలుసు, వాళ్ళకి తెలీదు. కడిగి తుడిచేసరికి బిందె మెరిసిన మెరుపుకి పొద్దుతిరుగుడు పువ్వులన్నీ బొండాల వారి వాకిటి వైపు తిరిగాయి. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

"ఇక చెయ్యి తగలకూడదు" అన్నాడు భద్రయ్య. అంతే, నలుగురూ మోచేతులతో బిందెని ఎత్తారు. వాకిట్లోంచి గదిలోకి పది అడుగులు. అప్పుడే పొయ్యి మీద పెట్టిన పప్పు, వాళ్ళు లోపలికి చేరేసరికి మాడిపోయింది.

తర్వాత గాలి. తలుపులు మూశారు. కిటికీలకి దుప్పట్లు కట్టారు. సందుల్లో గుడ్డలు కుక్కారు. గదిలో కూచుని హమ్మయ్య అని గంగులు నిట్టూర్చాడు. భద్రయ్య వాడి నెత్తిన ఒక్కటిచ్చాడు.

"గాలి వదులుతావేంట్రా, బిందె పక్కన!"

ఇంకేముంది, నలుగురూ ముక్కులు మూసుకున్నారు. ముఖాలు ఎర్రబడ్డాయి, కళ్ళు తేలేశారు. అప్పుడు తాతబ్బాయికి అనుమానమొచ్చి బిందెని మోచేత్తో కొట్టి చూశాడు. ఠంగ్ మంది.

"అన్నయ్యా, కొంప మునిగింది. లోపలంతా గాలే!"

బయటికి తెచ్చి బోర్లించారు. గాలి ఒలకబోద్దామని కుదిపారు, మూతి కిందికి వంచారు.

"పడిందా?" అన్నాడు భద్రయ్య.

"పడే ఉంటుంది. నేల చూశావా, ఆరిపోయి ఉంది" అన్నాడు గంగులు.

మళ్ళీ నిలబెట్టి కొడితే మళ్ళీ ఠంగ్. ధాన్యం పోశారు. గింజకీ గింజకీ మధ్య గాలి ఉంటుందని సూరమ్మ పట్టేసింది. ఇసక అనుకున్నారు, అదీ అంతే. నీళ్ళు పోస్తే తడి. తడి కానిది, సందు లేనిది కావాలి. ఆ తల్లి బుర్ర చూడండి, "పాకం!" అని అరిచింది.

ఇంట్లో ఉన్న బెల్లం దిమ్మలన్నీ కరగబెట్టి, ముదురుపాకం పట్టి, బిందె నిండా పోశారు. చల్లారాక రాయిలా గట్టిపడింది. కొడితే ఠంగ్ లేదు, టప్ లేదు. పైన మూత పెట్టి, ఏడు చుట్లు గుడ్డ చుట్టి, గుడ్డ మీద మైనం పోశారు. గాలి ఆ దారినే రావాలంటే అనుమతి పుచ్చుకుని రావాలి.

శుక్రవారం వచ్చింది. గోదావరి ఒడ్డున ఊరంతా చేరింది. మేళంలో సన్నాయి నాది. ఆ రోజుల్లో నేను ఊదితే కొబ్బరికాయలు వాటంతటవే పగిలేవి, పూజారి నన్ను చెట్లకి దూరంగా నిలబెట్టేవాడు. పక్కనే పేరిశెట్టి తన బిందెని చింతపండుతో తోమి, మామూలు మనిషిలా చంకన పెట్టుకుని నిలబడ్డాడు. బొండాల వాళ్ళు నలుగురూ మోచేతుల మీద ఆ మైనపు మూటతో పీతల్లా నడుచుకుంటూ వచ్చారు.

"ఏదిరా బిందె?" అన్నారు మునసబు గారు.

"లోపలుందండి. తళతళ మెరుస్తోందండి" అన్నాడు భద్రయ్య.

"విప్పి చూపించు."

"విప్పితే గాలి తగులుతుందండి."

"మరి నీళ్ళెలా ముంచుతావురా?"

"నీళ్ళా! తడి తగలదుటండీ?"

మునసబు గారు నెత్తి కొట్టుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "భద్రయ్యా, మీ అయ్య మొహం చూసి ఆఖరి అవకాశం ఇస్తున్నాను. విప్పు. మెరుస్తుంటే మర్యాద నీదే" అన్నారు.

భద్రయ్యకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఊరి వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. "బాబూ, అమ్మా, ఒక్క క్షణం ఎవరూ ఊపిరి వదలకండి. మా తాతల నాటి మర్యాద మీ ముక్కుల్లో ఉంది."

జనం నవ్వాపుకోలేక ముక్కులు మూసుకున్నారు. తాతబ్బాయి మైనం గీరాడు. గంగులు గుడ్డ ఒక చుట్టు విప్పాడు, రెండు చుట్లు విప్పాడు, ఏడోది సగం విప్పాడు. బిందె మెడ దగ్గర రాగి తళుక్కుమంది. సరిగ్గా అప్పుడే, ఆహా ఎంత బాగుందని, నేనుండబట్టలేక సన్నాయి అందుకున్నాను.

"గాలి! గాలి!" అని గావుకేక పెట్టాడు భద్రయ్య. "ఆ సన్నాయివాడి గాలంతా ఇటే వస్తోంది! పరిగెత్తండ్రా!"

"ఎక్కడికన్నయ్యా, ఎక్కడ చూసినా గాలేగా!"

"నీళ్ళలో ఉండదురా!"

అంతే. నలుగురూ బిందెతో గోదాట్లోకి దిగారు. మోకాలి లోతు, నడుం లోతు, పీకల్లోతు. మోచేతులు జారాయి. బెల్లం బరువుకి బిందె బుడుంగు అని కూడా అనకుండా అడుక్కి పోయింది. అనడానికి లోపల గాలుంటే కదా!

నలుగురూ వెలిగిపోతున్న ముఖాలతో ఒడ్డుకొచ్చారు.

"మునసబు గారూ, ఇక నూరేళ్ళయినా గాలి తగలదు. మేళం నడిపించండి, నేను ముందు నడుస్తాను" అన్నాడు భద్రయ్య.

"నెత్తిన బిందె ఏదిరా?"

"భద్రంగా ఉందండి, అడుగున. కిలుం పట్టిందేమో దిగి చూసుకోండి. ఒక్క మచ్చ కనబడినా మర్యాద పేరిశెట్టి గారికే వదిలేస్తాను."

పేరిశెట్టి తన బిందె ముంచి నెత్తినెత్తుకుంటూ, "పట్టకేం చేస్తుందయ్యా? తడిలో ఉందిగా!" అన్నాడు.

సూరమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మేళం పేరిశెట్టి వెనక కదిలిపోయింది. నేను మాత్రం కదల్లేదు, వదిలి వెళ్ళే దృశ్యమా అది!

"ఒరేయ్ గంగులూ, ఇంకా మించిపోలేదు! కిలుం పట్టేలోగా పొడి తువ్వాలు పట్టుకెళ్ళి బిందె తుడిచి రారా!" అని అరిచాడు భద్రయ్య.

గంగులు పొడి తువ్వాలుతో మునిగాడు. తేలాడు. "అన్నయ్యా, తువ్వాలు తడిసిపోయింది. బిందె మాత్రం ఆరలేదు."

"బిందెకి అంత తడి ఉందన్నమాట. ఇంకో పొడిది పట్రండి!"

తాతబ్బాయి తువ్వాలు వెళ్ళింది, భద్రయ్య పైపంచె వెళ్ళింది, జాతరకొచ్చిన వాళ్ళ ఉత్తరీయాలు వెళ్ళాయి. మునిగిన ప్రతిసారీ గంగులు, "కొంచెం ఆరుతున్నట్టే ఉందన్నయ్యా, ఇంకొక్కటి చాలు" అని పైకొచ్చేవాడు. నేను లెక్కపెట్టింది నూట ఎనిమిది మునకలు. నూట ఎనిమిదోదానికి ఒడ్డు మీద పొడిగుడ్డ అనేదే లేదు.

ఏమిటా నవ్వు? నమ్మరా? అయితే రేవుకెళ్ళి బల్లకట్టు దేవుళ్ళు తాతని అడగండి. నూట ఎనిమిదో మునక్కి తన పంచె విప్పిచ్చి, చీకటి పడేదాకా గోచీతో బల్లకట్టు నడిపింది అతనే.