సోమన్న దాచిన తాళంచెవి

పలుగురాళ్ల గుట్టకు ఆ ఏడు ఎండలు ముందే వచ్చిపడ్డాయి. శివరాత్రి నాటికే చెలమలు ఎండిపోయాయి. నీళ్లు తాగాలంటే పొద్దున్నే బయలుదేరి వాగు దాకా పోయి, ఎండ నడినెత్తికి వచ్చాక తిరిగి రావాలి. పిల్లల్ని అంత దూరం నడిపించలేక తల్లులందరూ వాళ్లను గుట్ట నడుమ ఉన్న రాతి గుహలో వదిలి వెళ్లేవారు. కుందేలు పిల్లలు, కౌజు పిల్లలు, ఉడత పిల్లలు ఒక్కచోట చేరి ఒకటే గోల. గుమ్మంలో ముళ్లపంది కాపలా ఉండేది. ఆ ముళ్లపంది కాస్తా ముసలిదై కన్నుమూసింది.

కాపలాకు ఇంకెవరూ దొరక్క అందరూ గిజిగాడు సోమన్న దగ్గరికి పోయారు. సోమన్న పనిమంతుడు, అందులో వంక పెట్టడానికి లేదు. గూడు అల్లినా, ఫోన్లో వాడే యాప్ అల్లినా చుట్టుపక్కల పది గుట్టల్లో అతని తర్వాతే ఎవరైనా. కాకపోతే ఆ సంగతి అతనికే కాస్త ఎక్కువ తెలుసు.

గుహకు ఇనుప తలుపు పెట్టించాడు. పట్టీలో పేరున్నవాళ్లు యాప్ తెరిచి నొక్కగానే లోపల దాచిన నలభై అంకెల రహస్య సంఖ్య తలుపుకు చేరుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఆ సంఖ్యే తాళంచెవి. ఎద్దు వచ్చి కుమ్మినా ఆ తలుపు కదలదు. సంఖ్య సరిపోయిందా, అడిగిందెవరో చూడకుండా తెరుచుకుంటుంది.

అంతా బాగుందని అందరూ మెచ్చుకుంటుంటే తాబేలు చిట్టెమ్మ మాత్రం సోమన్నను పక్కకు పిలిచింది.

"ఒరే సోమన్నా, ఆ తాళంచెవి ఎక్కడ పెట్టావురా?"

"యాప్‌లోనే పెద్దమ్మా. ముక్కలు ముక్కలు చేసి ఒక్కో ముక్కను ఒక్కో మూలన అల్లేశా. పట్టుకోమను చూద్దాం!"

"అందరి యాప్‌లోనూ అదే చెవా?"

"తలుపు ఒకటే కదా, ఇంకెన్ని కావాలి?"

చిట్టెమ్మ మెడ ఇంకాస్త బయటికి చాచింది. "నీ గూడు కొమ్మ చివర వేలాడుతుంటే పాముకు అందదు నాయనా. మరి ఇప్పుడు నువ్వు చేసిందేంటి? గూడు తెంపి పాము పుట్టలోకే పంపిస్తున్నావు. దానికి తొందరేముంది? కూర్చుని పోగు పోగూ విప్పుకుంటుంది."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"ప్రతి ఫోన్లోనూ చిన్న ఇనప్పెట్టె లాంటి చిప్పు ఉంటుందంట కదరా. ఎవరి చెవి వాళ్ల ఫోన్లో, ఆ పెట్టెలోనే పుట్టాలి. పుట్టింది బయటికి రాకూడదు, నీక్కూడా కనబడకూడదు. తలుపు ఏదన్నా అడిగితే లోపలే జవాబు తయారై, జవాబొక్కటే బయటికి రావాలి. రేపెవరి ఫోనన్నా పోయిందనుకో, ఆ ఒక్క చెవినీ చెల్లకుండా చేస్తే సరి."

సోమన్నకు ఇదంతా తెలియని సంగతేమీ కాదు. కానీ నెల్లాళ్ల పని. ఎల్లుండికల్లా ఇస్తానని నలుగురిలో మాటిచ్చేశాడు. పైగా తాబేలు చెబితే తాను దిద్దుకున్నాడన్న మాట పడటం నామోషీగా తోచింది.

"వానలు పడ్డాక చూద్దాంలే పెద్దమ్మా," అని ఎగిరిపోయాడు.

వారం తిరక్కుండానే నక్క జగ్గడు వచ్చాడు. దూరంగా నిలబడి, తోక నేలకు ఆనించి, ఎక్కడలేని వినయం ఒలకబోశాడు.

"ఏం అల్లావు మావా! గుట్టంతా నీ మాటే. నాకూ ఆ యాప్ ఒకటి పంపించకూడదూ? నీ పనితనం చూసి నాలుగు ముక్కలు నేర్చుకుంటా."

సోమన్నకు నవ్వొచ్చింది. "పంపిస్తాలేరా. కానీ పట్టీలో నీ పేరు లేదు. నొక్కి నొక్కి నీ గోళ్లు అరగాల్సిందే గానీ అది నీకు తలుపు తియ్యదు."

"నాకెందుకు మావా తలుపు?" అన్నాడు జగ్గడు.

సోమన్న అక్కడికక్కడే పంపించాడు. ఆ రోజంతా ఆ మాట పదిమందికి చెప్పుకుని నవ్వాడు కూడా.

జగ్గడు ఆ యాప్‌ను ఒక్కసారి కూడా నొక్కలేదు. బొరియలో కూర్చుని విప్పాడు. ఒక పోగు లాగితే ఇంకోటి బిగుసుకునేది. మళ్లీ మొదటికొచ్చి మళ్లీ లాగేవాడు. అడ్డుకునేవాళ్లు లేరు, అరిచేవాళ్లు లేరు. పంతొమ్మిదో రోజుకు నలభై అంకెలూ వరసగా అతని ముందు ఉన్నాయి. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆ సంఖ్యతో పాటు ఏ పేరు పంపినా తలుపు నమ్మేస్తుంది. జగ్గడు కాసేపు ఆలోచించి ఒక పేరు ఎంచుకున్నాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం సోమన్న గడ్డిపోచలు నోట కరుచుకుని గుట్టకు తిరిగొచ్చేసరికి తల్లులు అప్పుడే వాగు నుంచి వస్తున్నారు. తలుపు వేసే ఉంది. దాని మీద గీత కూడా పడలేదు. కుందేలు పుల్లమ్మ మెడలో వేలాడుతున్న ఫోన్ తీసి నొక్కింది. తలుపు మెల్లగా తెరుచుకుంది.

లోపల చప్పుడు లేదు. నేలంతా ఈకలు, నెత్తురు.

పుల్లమ్మ లోపలికి పరిగెత్తింది. ఏడుగురు పిల్లల్నీ పేరుపేరునా పిలిచింది. వెనకాల కౌజుల ఏడుపు మొదలైంది. సోమన్న నోట్లోంచి గడ్డి జారిపోయింది.

ఎవరెప్పుడు తీశారో చూపించే చిన్న తెర తలుపు మీద ఉంది, ఉడత ఒకటి దాని వంక చూసి చదివింది. "పొద్దున పదింటికి... తలుపు తీసింది... సోమన్న."

అందరూ అతని వైపు తిరిగారు.

"నేను కాదు! పొద్దుట్నుంచీ వాగు అవతల గడ్డి కోస్తున్నా."

"ఎవరు చూశారు?" అంది ఒక కౌజు. "నీ పిల్లలు మాత్రం కొమ్మ మీద చల్లగా ఉన్నారుగా! మా పిల్లల్నే ఇందులో పెట్టించావు. ఎవరికి అమ్ముకున్నావురా?"

సోమన్నకు ఎటు చూసినా దారి కనబడలేదు. నోరు విప్పకపోతే హంతకుడు. విప్పితే తన పనితనం మీద తనే మన్ను పోసుకోవాలి. చిట్టెమ్మ కూడా అక్కడే నిలబడి అతన్నే చూస్తోంది.

"చెవి ఉన్నవాడు ఎవరి పేరుతోనైనా తియ్యగలడు," అన్నాడు చివరికి.

"చెవి ఎవరి దగ్గరుంది?" పుల్లమ్మ గుమ్మంలోకి వచ్చి అడిగింది.

"అందరి దగ్గరా. యాప్‌లోనే పెట్టాను."

"నా ఫోన్లో కూడానా?"

"ఆ."

"జగ్గడి ఫోన్లో?"

"అందులోనూ ఉంది. నేనే పంపించాను." సోమన్న తల ఎత్తలేకపోయాడు. "దొరకదనుకున్నా పుల్లమ్మా. అంత బాగా అల్లాననుకున్నా."

పుల్లమ్మ మెడలోని ఫోన్ తీసి అతని ముందు పెట్టింది.

"నువ్వే తీశావని చెప్పినా బాగుండేదయ్యా. పాపం నీ ఒక్కడి మీదే పోయేది. ఇన్నాళ్లూ నా పిల్లల్ని చంపే చెవిని నా మెడలోనే కట్టి తిప్పావు."

ఒక్కొక్కరే వచ్చి ఫోన్లు అక్కడ పెట్టి వెళ్లిపోయారు. సోమన్నను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పొద్దు వాలకముందే గుట్ట ఖాళీ అయింది. ఫోన్ల కుప్ప ముందు అతనొక్కడే మిగిలాడు.

నీతి: పదిమంది చేతికీ ఇచ్చే వస్తువులో రహస్యాన్ని ఎంత లోతుగా అల్లినా, అది దాచడం కాదు, పంచిపెట్టడం.